నగర ప్రణాళికయు మన జనక్‌పురియు

(సంఘ ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉగాది పచ్చడి రుచి నాలుకపై నుండగనే నగర ప్రణాళికను గూర్చి వినుడనుట కొంచెము సాహసమే. పంచాంగ శ్రవణము ముగిసినది. పిల్లల నృత్యములకు ఇంకను వ్యవధి యున్నది. ఆ నడిమి ఖాళీలో కార్యదర్శిగారు నన్ను నిలువబెట్టిరి. ఖాళీ స్థలమునకు నగర ప్రణాళికలో ఎంతో విలువ గలదు గనుక, నాకు దొరికిన చోటును గూర్చి నేను చిన్నబుచ్చుకొనుట లేదు.

మనము కూర్చున్న యీ సముదాయ భవనమునే చూడుడు. సుమారు ఏబది యేండ్ల క్రిందట ఎవరో యొక ఉద్యోగి, ఇచ్చట ఇండ్ల వరుసలు గీయుటకు అవకాశముండియు గీయక, నాలుగు గీతలతో ఒక చదరము గీసి, అందులో సముదాయ అవసరములకని చిన్న అక్షరములతో వ్రాసియుండును. ఆ చదరమున మనమిపుడు కూర్చుండి పచ్చడి తినుచున్నాము. ఆ యుద్యోగికి తెలుగు వచ్చునో రాదో, ఉగాది యననేమో తెలియునో తెలియదో! ఎవరు వత్తురో తెలియకయే వారి కొరకు చోటు విడిచిపెట్టుట, పట్టణాభివృద్ధి శాఖ చేయవలసిన పనులలో నా దృష్టికి మొదటిది. తక్కినవన్నియు దాని వెనుక వచ్చును.

నేనీ విషయమున పండితుడను కాను. 1971లో రాజమహేంద్రవరము నుండి వచ్చి యొక కేంద్ర కార్యాలయములో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరితిని. ట్రేసింగు గుడ్డపై నల్లసిరాతో ఇతరుల ఆలోచనలను శుభ్రముగా గీయుట నా వృత్తి. ఆలోచన తప్పైనను గీత వంకర పోరాదు. అంతవరకే మా బాధ్యత. ముప్పదియైదేండ్లు ఆ పని చేసినవాడు, నక్షాలో ఏమి గీసిరన్నదానికన్న ఏమి గీయలేదన్నదానిని ముందుగా చూచుటకు అలవాటు పడును. నేడు మీతో చెప్పబోవునవి ఆ యలవాటు వలన కలిగిన మాటలే.

ఢిల్లీకి ప్రణాళిక యెట్లు వచ్చినదో ముందుగా మనవి చేసెదను. 1941 జనాభా లెక్కలలో ఈ నగరమున సుమారు 7 లక్షల మంది యుండిరి. 1951 నాటికి 14 లక్షలు దాటిరి. విభజన వలన పడమటి పంజాబు నుండి వచ్చిన శరణార్థులే సుమారు 5 లక్షలు. 1937లో ఏర్పడిన ఇంప్రూవ్‌మెంటు ట్రస్టు ఆ తాకిడికి నిలువలేకపోయెను. దాని పనిని విచారించుటకు 1950లో ఘనశ్యామదాస్ బిర్లాగారి అధ్యక్షతన ఒక సంఘమును నియమింపవలసి వచ్చెను. ఎక్కడి పొలమునైనను ముక్కలు చేసి యమ్ముచుండిరి, కొన్నవారు కట్టుకొనుచుండిరి. వీధి యెంత వెడల్పుండవలెను, మురుగు ఎటు పోవలెను అని అడుగువారు లేరు.

1955 చలికాలము వచ్చెను. ఆ డిసెంబరులోను, 1956 జనవరిలోను ఢిల్లీలో పచ్చకామెర్లు ప్రబలెను. 29,000 మందికి పైగా ఆ వ్యాధి సోకెనని తరువాత వైద్య పరిశోధకులు అంచనా వేసిరి. కారణమేమనగా, మనకు పడమటను ఉత్తరమునను చుట్టి, వికాస్‌పురి, కేశోపూరుల ప్రక్కగా పోవుచున్న నజఫ్‌గఢ్ నాలాయే! దాని ప్రక్కన పోవునపుడు మనము ముక్కు మూసుకొని బస్సు కిటికీ దించుకొందుము. ధాన్సా నుండి వజీరాబాదు వరకు 57 కిలోమీటర్లు ప్రవహించి అది యమునలో కలియును. అది కలియు చోటికి కొంచెము ఎగువనే నగరమునకు త్రాగునీరు తోడుకొను కేంద్రము కలదు. ఆ యేడు వరదల పిమ్మట నది పాయ మార్చుకొనెను. నాలా మురుగు వెనుకకు ఎగదన్ని నీరు తోడు చోటికి చేరెను. నీటిని శుద్ధి చేయువారు ప్రమాదము గ్రహించి క్లోరిను హెచ్చుగా కలిపిరి. అందువలన టైఫాయిడు వంటివి ప్రబలలేదు. కామెర్ల విషక్రిమి మాత్రము ఆ క్లోరినును తప్పించుకొని కుళాయిల గుండ ఇంటింటికి పోయెను. పాత ఢిల్లీ సందుకును, కొత్త ఢిల్లీ బంగళాకును అది భేదము చూపలేదు.

నగర ప్రణాళిక ఆనాడు ఆరోగ్య మంత్రిణి రాజకుమారి అమృత్‌కౌర్ గారి శాఖలో నుండెనని చెప్పిన నేటివారికి వింతగా తోచును. నాకు మాత్రము అదియే సరియైన స్థానమని తోచును. కట్టడములను అదుపులో నుంచుటకు 1955లోనే ఆర్డినెన్సు వచ్చియుండెను. కామెర్లు ఆ పనికి త్వర పెట్టినవి. 1956లో తాత్కాలిక ప్రణాళిక వెలువడెను. 1957లో పార్లమెంటు ఢిల్లీ డెవలప్‌మెంట్ చట్టమును చేసెను. ఆ సంవత్సరము డిసెంబరు 30న, మనము డి.డి.ఏ. అని పిలుచుకొను సంస్థ పుట్టినది. ఫోర్డ్ ఫౌండేషన్ పంపిన ఆల్బర్టు మేయరు బృందము మన నిపుణులతో కలిసి పనిచేసెను. 1962 సెప్టెంబరు 1న మొదటి మాస్టర్ ప్లాన్ అమలులోనికి వచ్చెను.

హైదరాబాదు నుండి వచ్చిన మిత్రులకు ఈ కథ క్రొత్త కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలాది ప్రాణములను గొన్న తరువాతనే గదా మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించిరి! ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు కట్టిరి. 1912లో నగరాభివృద్ధి బోర్డును నెలకొల్పిరి. అచ్చట వరద, ఇచ్చట వ్యాధి. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట మన దేశపు ప్రణాళికలకు జన్మలక్షణమేమో!

ఇక ఈ శాఖ చేయు పని యేమి? రైతుల నుండి భూమి సేకరించుట, దానిని చదును చేసి రోడ్లు, మురుగు గొట్టములు వేయుట, బడికి, ఆసుపత్రికి, పార్కునకు, బజారునకు చోట్లు విడిచి, మిగిలిన దానిని ఇండ్లకు పంచుట. 1961లో కేంద్ర ప్రభుత్వము అంగీకరించిన భూవిధానము ప్రకారము భూమి ముందు ప్రభుత్వమునకు రావలెను. అభివృద్ధి యైన పిమ్మట 99 సంవత్సరముల లీజుపై ప్రజలకు పోవలెను. నేల ధర పెరుగుట వలన వచ్చు లాభము దళారులకు గాక నగరమునకే చెందవలెను. ఆలోచన గొప్పది. మనలో చాలమంది ఆ లీజును 1992 తరువాత ఫ్రీహోల్డుగా మార్చుకొన్నారు, నేనును మార్చుకొంటిని. ఆ కాగితము చేతికి వచ్చిననాడు మా యింట పాయసము వండిరి గాని, ఆ గొప్ప యాలోచనలో ఒక పోగు నా చేతనే తెగినదని ఆనాడు నాకు తోచలేదు.

మన కాలనీకి పాత కాగితములలో పంఖారోడ్డు నివాస పథకమని పేరు. ఆ పేరుతో పిల్లలకు సంబంధములు కుదురవని కాబోలు జనక్‌పురి అనిరి! జనక మహారాజు భూమి దున్నగా సీతమ్మ దొరికెను. ఇచ్చట రైతు దున్నిన భూమి పోగా మనకు ఇండ్లు దొరికెను. ఆ రైతులు ఎక్కడికో పోలేదు. ఏ-3 బ్లాకు ప్రక్కన అసాలత్‌పూరు, బీ-1 ప్రక్కన పొసంగీపూరు నేటికిని మన నడుమనే యున్నవి. వారి పొలములు నక్షాలో చేరినవి, ఊరు చేరలేదు. ఊరి చుట్టును రెవెన్యూవారు గీసిన గీతకు లాల్‌డోరా, అనగా ఎర్రదారము, అని పేరు. ఆ దారము లోపలి ఇండ్లకు కట్టడపు నిబంధనలు వర్తింపవని 1963లో మినహాయింపు నిచ్చిరి. అది దయయని ఇచ్చినవారు తలచి యుండవచ్చును. కాని దారము లోపలివారికి మన వీధుల వెడల్పు రాలేదు, మన పార్కులు రాలేదు. పొలము లేని పల్లె నాలుగంతస్తులు లేచి, క్రింద దుకాణములు, మీద అద్దె గదులు అయినది. ఉద్యోగములకై మన ప్రాంతముల నుండి వచ్చు తెలుగు కుర్రవారు ముందుగా దిగునది ఆ గదులలోనే. నక్షాలో లేని చోటు వారికి నీడ నిచ్చుచున్నది.

1962 ప్రణాళికలో ఒక మంచి మాట యున్నది. చిన్నపిల్లవాడు బడికి నడచిపోవునపుడు పెద్దరోడ్డు దాటవలసిన అవసరము రాకూడదని దాని సూత్రము. మన బ్లాకులలో వీధులు లోపలికి తిరిగి, నడుమ పార్కు, ప్రక్కన బడి యుండుట అందువలననే. 1948లో దుర్గాబాయమ్మగారు నెలకొల్పిన ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీకి జనక్‌పురిలోను బడి యున్నదనిన, బడికని ముందుగా చోటు విడువబడుటయే కారణము. నగరమంతయు కట్టి ముగిసిన తరువాత తెలుగు బడికి స్థలము కావలెనని పోయినచో ఎవరిత్తురు?

ఇల్లు దొరకుట మాత్రము అంత సులభము కాలేదు. 1979లో డి.డి.ఏ. ప్రకటించిన పథకమున 1,70,000 మందికి పైగా పేర్లు నమోదు చేసికొనిరి. లాటరీలో పేరు వచ్చువరకు వేచియుండుటయే వ్రతము. వారిలో కొందరికి 2000 దాటిన తరువాత గాని తాళపు చెవులు చేతికి రాలేదు. నా యదృష్టము కొంచెము మంచిది. 1980ల నడుమ ఉత్తరము వచ్చెను. అప్పుడు మేము నేతాజీ నగర్ క్వార్టరులో నుంటిమి. జనక్‌పురి యని చదువగానే మా యింటావిడ, 'ఏమండీ, అది ఢిల్లీయేనా?' అని యడిగినది. ఆమెను తప్పుపట్టలేదు. బస్సు మారి బస్సు ఎక్కి, చివర నడిచి పోవలసి యుండెను. 2005 డిసెంబరు 31న మెట్రో వచ్చినది, 2018లో రెండవ మార్గము వచ్చినది. ఇపుడు హైదరాబాదు నుండి వచ్చు మా మనుమడు ఒకటవ టెర్మినలులో దిగి, రైలు మారకుండ జనక్‌పురి వెస్టుకు వచ్చి, స్టేషను మెట్ల వద్ద నుండి ఫోను చేయుచున్నాడు.

క్రొత్త యింటిలో మొదటి వానకాలము నాకు ఒక విద్య నేర్పినది. ఒకనాటి యుదయము స్నానాలగదిలో నీరు పోవుటకు మారు పైకి వచ్చెను. నేను ఒక కార్యాలయమునకు పోతిని. 'మీ పాకెట్టును అప్పగించివేసితిమి' అనిరి. అప్పగింత పుచ్చుకొన్నదన్న కార్యాలయమునకు పోతిని. 'కాగితములు ఇంకను రాలేదు' అనిరి. కాలనీ నిర్మించువారు వేరు, తరువాత దానిని నడుపువారు వేరు. ఆ రెంటి నడుమ నొక సందు కలదనియు, పౌరుడు సరిగా ఆ సందులోనే నివసించుననియు అప్పుడు తెలిసికొంటిని. ఫైలు నడుచుచున్నది అనుమాట నేనును ఎందరితోనో అనినవాడనే గనుక మారు పలుకలేకపోతిని. నాలుగవ దినమున ఒక వృద్ధ సఫాయి కార్మికుడు వచ్చెను. నక్షా ఆయన వద్ద లేదు. కొంచెము సేపు నేల చూచి, ఒక గులాబీ మడి వద్ద నిలిచి, 'మ్యాన్‌హోల్ మూత దీని క్రింద నున్నది' అనెను. త్రవ్వగా ఉండెను. సర్కారు నేలపై గులాబీలు నాటినవారెవరని మీరడుగుదురు. నేనే. నక్షాలు గీసినవాడే నక్షాను మట్టితో కప్పినాడు.

అందుచేత తప్పంతయు శాఖవారిదని నేననజాలను. కాని వారి లెక్క తప్పినచోట తప్పినదని చెప్పక తీరదు. 1981 నాటికి నగర జనాభా 50 లక్షలకు లోపుగా నుండునని మొదటి ప్రణాళిక ఊహించినది. లెక్కలు చూడగా 57 లక్షలు దాటెను. అంకె తప్పుట క్షమింపదగినదే. ఎవరు వత్తురన్నది గాక, వచ్చినవారిలో ఎవరికి చోటు దొరకలేదన్నది నాకు ముఖ్యము. ప్రతి ప్రాంతమునను తక్కువ ఆదాయము గలవారికి స్థలము విడువవలెనని 1962 ప్రణాళికలో వ్రాసియే యుండిరి. వ్రాత యున్నది, చోటు మాత్రము చాలలేదు. నజఫ్‌గఢ్ రోడ్డున పడమటికి పోయినచో ఉత్తమ్‌నగర్ కనబడును. మన పనిమనిషి, కూరల బండివాడు, ఎలక్ట్రీషియను, మనుమరాలిని బడికి దింపు రిక్షావాడు, అందరును ఆ దిక్కునుండి వచ్చి సాయంకాలము ఆ దిక్కునకే పోవుదురు. ఆ నేల పొలము నుండి నేరుగా ప్లాటైనది. ఇండ్లు ముందు వచ్చినవి. వీధి వెనుక వచ్చినది. గొట్టము అన్నిటికన్న వెనుక వచ్చినది. అగ్నిమాపక యంత్రము తిరుగలేని సందులలో పసిపిల్లలు ఆడుకొనుచున్నారు. 1977లో ఇట్టి కాలనీలు 607 లెక్కించి వానిలో 567 క్రమబద్ధము చేసిరి. 2019లో పార్లమెంటు మరల చట్టము చేసి 1,731 కాలనీలలోని వారికి ఆస్తిహక్కు కల్పింప నిశ్చయించెను. ఆ పత్రములిచ్చు పని డి.డి.ఏ.కే అప్పగించిరి. నలుబది రెండేండ్లలో ఆ సంఖ్య తగ్గలేదు, పెరిగినది. క్రమబద్ధము చేయుట వలన పత్రము వచ్చును, దానికి నేను సంతోషింతును. కాని కట్టిన యిండ్ల నడుమ పార్కును ఏ చట్టమును మొలిపింపజాలదు. ఆ పని ముందు చేయవలసినది. ముందు చేయలేకపోయిన శాఖ, ఎంత మంచి కాలనీలు కట్టినను, సగము పనియే చేసినట్లు. మన జనక్‌పురి ఆ చేసిన సగములోనిది.

చట్టములో నొక తలుపు మనకు తెరిచియే యున్నది. మాస్టర్ ప్లాన్‌ను చేయునపుడును మార్చునపుడును ముసాయిదాను ప్రకటించి ప్రజల అభ్యంతరములు స్వీకరింపవలెనని 1957 చట్టము విధించినది. 2041 ప్రణాళిక ముసాయిదా 2021 జూనులో వెలువడినపుడు నేను కంటియద్దము చేతబట్టి చదివితిని. వేలమంది అభ్యంతరములు పంపిరి. మన సంఘమున ఎందరు పంపితిరని తరువాతి నెల సమావేశమున అడిగితిని. ఇద్దరు చేతు లెత్తిరి, వారిలో నేనొకడను. జీవితమంతయు ఇతరుల అర్జీలపై నోటు వ్రాసినవారము, మన అర్జీ వ్రాయుటకు ఇంత బద్ధక మేల?

ముగించుటకు ముందు నా స్వవిషయ మొకటి మనవి చేయవలెను. మా పాకెట్టులో వేపచెట్టు క్రింద ఒక ఇస్త్రీవాడు బల్ల వేసికొని ఇరువది యేండ్లుగా పని చేయుచున్నాడు. అతని భార్య బొగ్గులు రాజవేయును. కార్లు పెరిగినవి, ఇంటికి రెండు, మూడు. పోయిన వానకాలమున నివాసుల సంఘము వారు పార్కింగు నక్షా ఒకటి గీసి యిమ్మని నన్ను కోరిరి. ఈ వయసులో నా చేతికి పని దొరికినదని సంతోషించి, స్కేలు, సిరా తీసి రెండు దినములు కూర్చుండి గీసితిని. 34 కార్లు పట్టునట్లు అమరినవి. ఒక్క గీతయు వంకర పోలేదు. దానిని చుట్టి తీసికొని పోవుచు, చొక్కాల కొరకు వేపచెట్టు వద్ద ఆగితిని. అతడు చూతునని చేయి చాచెను. చదువు అంతగా లేకున్నను నక్షా తిన్నగా పట్టుకొనెను. చెట్టును గుర్తించెను, గేటును గుర్తించెను. వ్రేలితో వెదకి వెదకి, 'బాబూజీ, నా బల్ల యేది?' అనెను.

చెట్టు క్రింద నేను 17వ నంబరు కారు గీసితిని.

ఏబది యేండ్ల క్రిందటి ఆ యుద్యోగి నన్నెరుగకయే నాకు చోటు విడిచినాడు. నేను ఇరువది యేండ్లుగా ఎరిగినవానికి విడువలేకపోతిని. ఆ రాత్రి క్రొత్త కాగితము తీసితిని. 32 కార్లు, ఒక బల్ల, బొగ్గుల కుంపటికి మూడడుగులు. సంఘములో ఇద్దరు ముగ్గురు దీని కొప్పుకొనలేదు; ఏ రెండు కార్లు పోవలెనన్న తగవు ఇంకను తెగలేదు. ఒకటి నాదని చెప్పితిని. రెండవది తేలవలెను. వచ్చే ఆదివారము ఉదయము పది గంటలకు ఆ వేపచెట్టు క్రిందనే సమావేశము. మా పాకెట్టులోని తెలుగువారు ఐదు కుటుంబములవారును ఈ సభలో నున్నారు. వారు రావలెనని కోరుచున్నాను. రెండు నక్షాలును తెచ్చెదను. టీ మా యింటినుండి వచ్చును.

పిల్లలు గజ్జెలు కట్టుకొని తెర వెనుక నిలిచియున్నారు. నాకు సెలవిప్పింపుడు.